అడ్డం ఏడు

గ్రిమ్స్‌బీ రేవులో తెల్లవారుజాము నాలుగున్నర.
నా టీకొట్టు కిటికీకి అవతల పొగమంచు,
ఇవతల కెటిల్ ఆవిరి.
మధ్యనున్న అద్దానికి ఎటు కారాలో తెలియడం లేదు.
చేపల వేలానికి ఇంకా ముప్పావు గంట.
లారీవాడెవడో పారేసిపోయిన నిన్నటి పేపర్లో
గళ్ళనుడికట్టు,
మూలన గుడ్డుసొన మరక.

కూర్చినవాడికి ఏం బుద్ధి పుట్టిందో.
అడ్డం ఏడు: లెఫ్ట్. నాలుగక్షరాలు.
నిలువు ఎనిమిది: లెఫ్ట్. తొమ్మిది.
అడ్డం పంతొమ్మిది: మళ్ళీ లెఫ్టే. ఎనిమిది.
"ఒళ్ళు వంగని వెధవ" అన్నాడు క్లైవ్ బ్లాంచర్డ్,
"ఒక్క ఎరకి మూడు చేపలు కావాలిట!"

క్లైవ్‌కి పెన్సిలంటే చిన్నచూపు.
ఇరవై రెండేళ్ళు ట్రాలర్ చుక్కాని పట్టిన చెయ్యి,
తప్పు రాసినా సిరాతోనే రాస్తుంది.
ఏడులో "గాన్" అని గీకాడు. పోయింది అని.
"ఏం పోయింది?" అన్నాను.
"ఏం పోలేదో అడుగు నోర్మా.
కాడ్ చేపలు, పడవలు, ఐసు ఫ్యాక్టరీ,
ఇద్దరు పెళ్ళాలు."
రెండో ఆవిడ ఎక్కడికీ పోలేదు.
క్లీథార్ప్స్‌లో ఉంది, గురువారాలు బింగో ఆడుతుంది.
నేనేమీ అనలేదు. టీలో చక్కెర కలిపాను.

అప్పుడొచ్చింది జివిలే,
చేపలు కోసే షెడ్డు నుంచి,
రబ్బరు ఏప్రన్ నిండా పొలుసులు, దీపం పడితే జలతారు.
లిథువేనియా వదిలి మూడేళ్ళు.
ఇంగ్లీషు హెరింగ్ లాంటిదంటుంది:
వలలో పడుతుంది గానీ ముళ్ళు తీసేసరికి
పళ్ళెంలో ఏమీ ఉండదు.
పేపరు తనవైపు తిప్పుకుని
చేతితొడుగు విప్పి వేళ్ళు మడిచింది.

"మాకు దీనికి మూడు మాటలు.
ఒకటి ఈ చేతికి.
ఒకటి తలుపు తీసుకుని వెళ్ళినవాడికి.
ఒకటి ఆ తలుపు వెనక ఉన్నవాళ్ళకి.
వెళ్ళినదీ ఉన్నదీ
మీకు ఒకటే ఎలా అయింది?"

క్లైవ్ నావైపు చూశాడు. నేను బన్నుల పెట్టె వైపు.
రెండు బన్నులు లెఫ్ట్ అంటే, ఉన్నాయని.
రెండు బస్సులు లెఫ్ట్ అంటే, ఇక లేవని.
యాభై ఎనిమిదేళ్ళుగా నోట్లో నానుతున్న మాట,
ఎప్పుడూ ముల్లు గుచ్చుకోలేదు.

తొమ్మిదక్షరాలది జివిలేకే దొరికింది.
"రిమైనింగ్! మా షిఫ్టు కాగితంలో చివరి వరస,
ఇంకా కోయాల్సిన డబ్బాల లెక్క."
ఏడులోని మూడో గడి నుంచి దిగాలి ఆ నిలువు.
అక్కడ ఆర్ కావాలి.
అక్కడ క్లైవ్‌గారి ఎన్ కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

క్లైవ్ పేపర్ని దూరంగా పెట్టాడు, దగ్గరగా పెట్టాడు.
టీ తాగాడు. కప్పులో ఏమీ లేదు, అయినా తాగాడు.
తర్వాత, తిట్టినట్టుగా, మెల్లగా,
"పోర్ట్."

పడవలో ఎడమ పక్క.
రాత్రిపూట ఎర్ర దీపం వెలిగే వైపు.
ఐస్‌లాండ్ నీళ్ళలో గాలి నోరు మూస్తున్నా
రోజుకి నలభైసార్లు అరిచిన మాట.
రేవుకి కూడా అదే పేరు,
మా ముగ్గురి కాళ్ళ కిందా ఉన్నది అదే.
"మొదటిరోజు నేర్పేదే ఇది" అన్నాడు,
"లెఫ్ట్‌కి నాలుగక్షరాలు, పోర్ట్‌కి నాలుగు,
మరిచిపోకురా అని."

సిరా మీద సిరా దిద్దాడు.
జీ పొట్ట చీల్చి పీ, ఎన్ మీద ఆర్, ఈ మీద టీ.
ఓ ఒక్కటే ముట్టుకోనక్కర్లేకపోయింది.
పోయినదాంట్లోనూ, రేవులోనూ
అదే గుండ్రటి ఓ.

"మరి నీ పోయింది ఎక్కడ పెడతావు?"
జివిలే నిజంగానే అడిగింది.
"పంతొమ్మిదిలో పట్టదు. ఎనిమిది గళ్ళక్కడ."
అంతలో వేలం గంట కొట్టారు.
ఒకరు డబ్బాల వైపు, ఒకరు కత్తుల వైపు.
కెటిల్ కారుతోంటే పేపరు మడిచి కింద పెట్టాను.
పంతొమ్మిది నాకు తెలుసు. తెలిసీ రాయలేదు,
చేతులు తడిగా ఉన్నాయి.

కిటికీ తట్టి ఎవరో కొత్త కుర్రాడు,
"ఏమైనా లెఫ్ట్?" అన్నాడు.
"రెండు బన్నులు," అన్నాను,
"ఉన్నాయి."
వేలు పెట్టి చూపించాను కూడా.